వంటింటి అల్మారాలో రెక్కల పురుగులు: మూలం పట్టుకుని వదిలించుకోవడం ఎలా

ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. "రాత్రి లైటు వేస్తే చిన్న రెక్కల పురుగు ఒకటి తిరుగుతోంది, చంపితే మర్నాడు ఇంకోటి." "అల్మారా మొత్తం కడిగాం, నెల తిరక్కుండానే మళ్లీ వచ్చాయి." "డబ్బా మూత గట్టిగానే పెట్టాం, లోపలికి ఎలా దూరాయి?" అడిగే తీరు వేరైనా అన్నిటికీ జవాబు ఒకటే. ఎగిరే పురుగు వెంట పడకండి. అది పుట్టిన పొట్లాన్ని వెతకండి.

ఎగిరే పురుగు మీ తిండి ముట్టదు. దాని ఆయుష్షు వారం, మహా అయితే రెండు వారాలు. ఆ కాస్త సమయంలో జతకట్టడం, గుడ్లు పెట్టడం తప్ప దానికి వేరే పని లేదు. సరుకులు పాడుచేసేది గుడ్డులోంచి వచ్చే పిల్లపురుగు. ఒక ఆడపురుగు 100 నుంచి 400 దాకా గుడ్లు పెట్టగలదు. ఒక్కో గుడ్డు అర మిల్లీమీటరుకు మించదు కాబట్టి పిండిలో అది మీ కంటికి ఆనదు. వెచ్చగా ఉంటే, అంటే 30 డిగ్రీల దగ్గర, గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి దాదాపు 4 వారాలు చాలు. చల్లగా ఉంటే అదే పనికి నెలలు పడుతుంది. కింద చెప్పే గడువులన్నీ ఈ లెక్క మీదే ఆధారపడ్డాయి.

ముందు ఇది ఆ పురుగేనా చూడండి

ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇండియన్ మీల్ మాత్ (మాత్ అంటే ఇలాంటి రెక్కల పురుగు). శాస్త్రీయ నామం ప్లోడియా ఇంటర్‌పంక్టెల్లా. రెక్కలు ముడుచుకుని గోడమీద వాలినప్పుడు సుమారు సెంటీమీటరు పొడవుంటుంది. రెక్కలో తలవైపు మూడో వంతు లేత బూడిద రంగు, మిగతా రెండు వంతులు రాగి రంగు. ఆ రెండు రంగులూ కలిసే చోట తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. చంపిన పురుగును చూసి గుర్తుపట్టాలని ప్రయత్నించకండి. చెయ్యి తగిలితే రెక్కల మీది పొడి రాలిపోయి రంగు చెరిగిపోతుంది. వాలి ఉన్నప్పుడే టార్చ్ వేసి చూడండి.

రెక్కలన్నీ బూడిద రంగులో ఉండి, వాటిమీద నల్లటి వంకర గీతలుంటే అది మెడిటరేనియన్ ఫ్లోర్ మాత్. పిండి అంటే దానికి ఇష్టం. ఏ గుర్తులూ లేని లేత గోధుమ, బూడిద రంగు పురుగు బియ్యంలోంచో చిరుధాన్యాల్లోంచో వస్తుంటే రైస్ మాత్ కావచ్చు. ఏదన్నది కచ్చితంగా తేలకపోయినా పరవాలేదు. ఒక్క ట్రాప్ (వాసనతో రప్పించి అంటించుకునే జిగురు అట్ట) విషయంలో తప్ప మిగతా పద్ధతి అంతా ఒకటే.

వేరే జాతి పురుగులను మాత్రం విడిగా గుర్తుపట్టాలి. గట్టి వీపుతో, నల్లగానో ఎర్రగానో ఉండి నేలమీద పాకేవి ముక్కుపురుగులు, పిండిపురుగులు. అవి దారాలు అల్లవు. పొట్టు తీయని గింజల్లో గుండ్రటి చిన్న రంధ్రాలుండి, గడ్డిరంగు రెక్కల పురుగులు వస్తుంటే అది వడ్ల చిలుక. దాని పిల్లపురుగు గింజ లోపలే పెరుగుతుంది. ఈ రెండు రకాలకూ వెతకడం, గడ్డకట్టించడం, శుభ్రం చేయడం అన్నీ పనికొస్తాయి గానీ, ట్రాప్ పనికిరాదు. బంగారు ఛాయలో ఉండి, లైటు వేయగానే చీకట్లోకి పరుగెత్తేది ఉన్ని బట్టలు తినే మాత్. దానికి వంటింటితో సంబంధం లేదు, బీరువా చూసుకోండి.

అసలు సాక్ష్యం దారం. అనుమానమున్న పొట్లాన్ని కదపకుండా పైనుంచి టార్చ్ వేసి చూడండి. కవరు మడత దగ్గర రెండు మూడు గింజలు గాల్లో వేలాడుతున్నట్టు కనిపిస్తాయి. ఇంకాస్త దగ్గరికి వెళ్తే, వాటిని కవరుకు అతికించిన సన్నటి తెల్ల దారం వెలుతురులో మెరుస్తుంది. చెంచాతో కదిపితే గింజలు విడివిడిగా రాలవు, ఒకదాన్నొకటి పట్టుకుని ఉండగా లేస్తాయి. ఆ దారాల నిండా సన్నటి పొడి గుళికలుంటాయి, అవి పురుగు విసర్జించినవి. పిల్లపురుగు రంగు తినే తిండిని బట్టి మారుతుంది. మామూలుగా తెల్లగా ఉంటుంది, ఒక్కోసారి గులాబీ, పసుపు, ఆకుపచ్చ ఛాయల్లోనూ కనిపిస్తుంది. తల మాత్రం గోధుమ రంగే. బాగా ఎదిగితే 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది.

"తెలియక తినేశాం, ఏమైనా అవుతుందా?" అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఈ పురుగులు కుట్టవు, మనుషులకు రోగాలు అంటించేవిగా పేరు లేదు. ఒకటి రెండు కడుపులోకి వెళ్తే మామూలుగా ఏమీ కాదు. అలాగని గూళ్లు కట్టిన సరుకును జల్లెడ పట్టి వాడుకోకండి. గుడ్లూ, విసర్జనా, వదిలిన చర్మాలూ అందులోనే ఉంటాయి. రుచి, వాసన చెడిపోతాయి, కొందరికి అలర్జీ రావచ్చు.

కావాల్సినవి

- మంచి వెలుతురున్న టార్చ్. ఒకే ఒక్క పనిముట్టు ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.
- సన్నటి ముక్కు తగిలించగలిగే వాక్యూమ్ క్లీనర్. లేకపోతే పాత టూత్‌బ్రష్, చిన్న పెయింటింగ్ బ్రష్, తడిగుడ్డ.
- వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు.
- మందంగా ఉండి జిప్‌తో మూసుకునే ప్లాస్టిక్ కవర్లు, చెత్తకు గట్టి సంచులు.
- ఫ్రీజర్‌లో కాస్త ఖాళీ.
- గాజు సీసాలు, లేదా మూతకు రబ్బరు రింగు ఉన్న గట్టి డబ్బాలు.
- ఫెరోమోన్ ట్రాప్ ఒకటి. ఇది ఆహారపు మాత్‌ల కోసం తయారైనదేనా అని పెట్టె మీద చూసుకోండి. బట్టల మాత్‌ల ట్రాప్ ఇక్కడ పనిచేయదు.
- మార్కర్ పెన్ను.

సగం రోజు కేటాయించండి. ఇవాళ ఒక అర, వచ్చేవారం ఇంకో అర అని చేస్తే, శుభ్రం చేసిన అరలోకి చేయని అర నుంచి పురుగులు తిరిగొస్తాయి.

ఎలా చేయాలి

1. అన్నీ బయటికి తీయండి. పురుగు కనిపించిన అర ఒక్కటే కాదు, తిండి ఉన్న ప్రతి అరా ఖాళీ చేయాలి. బల్లమీద లేత రంగు గుడ్డ పరిచి దానిమీద పెట్టండి, రాలిపడేవి కనిపిస్తాయి. పని పగటిపూట పెట్టుకోండి.

2. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడండి. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. తొందరపడ్డారంటే మిగతా శ్రమంతా వృథా.

ముందుగా ఎవరూ ముట్టని వాటితో మొదలుపెట్టండి. అర వెనకాల ఆరు నెలలుగా పడున్న పొట్లం, ఎప్పుడో ఒకసారి వాడి క్లిప్ పెట్టిన కవరు, అడుగున గుప్పెడు మిగిలిన డబ్బా. మూలం ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతుంది, ఎందుకంటే పురుగుకు కావాల్సింది ఎవరూ కదపని తిండి. ఆ తర్వాత పిండి, రవ్వ, బియ్యం, ఓట్స్, పప్పులు. ఆ తర్వాత బాదం, జీడిపప్పు, వాల్‌నట్స్, ఎండుద్రాక్ష, ఖర్జూరం. చివరికి చాక్లెట్, ఎండుమిర్చి, మసాలా దినుసులు, పాలపొడి, సూప్ పొడులు. "కారంలో పురుగేం బతుకుతుంది" అని వదిలేయకండి, ఎండుమిర్చిలో బాగానే బతుకుతుంది.

పొట్లంలో చూడాల్సినవి: మడతలు, అతుకులు, లేబుల్ వెనక భాగం, అట్టపెట్టెకూ లోపలి కవరుకూ మధ్య సందు. ప్లాస్టిక్ కవరు మీద సూదిమొనంత రంధ్రమున్నా అనుమానించండి. ఈ పిల్లపురుగులు పలుచటి ప్లాస్టిక్కునూ అట్టనూ కొరికి దారి చేసుకోగలవు. సీల్ తీయని ప్యాకెట్ అని నమ్మి పక్కన పెట్టేయడమే అందరూ చేసే పెద్ద పొరపాటు.

డబ్బాలైతే మూత తీసి, మరలు తిరిగే గాడుల్లో చూడండి. పైపైన చూస్తే అక్కడ దుమ్ము పట్టినట్టే అనిపిస్తుంది. సూదితో గీకితే ఆ దుమ్ము పొడిగా రాలదు, దారంతో కలిసి పొరలా ఊడొస్తుంది. దాని కింద చిన్న పట్టుగూడో, తల గోధుమ రంగులో ఉన్న పురుగో దొరకొచ్చు. మూత లోపల అతికించిన అట్టబిళ్ల ఉంటే దాన్ని కూడా ఎత్తి చూడండి.

3. మూడు వంతులుగా విడదీయండి. దారాలో, పురుగులో కనిపించినవి పారేసేవి. ఏమీ కనిపించకపోయినా అదే అరలో కవర్లలోనో వదులు మూత డబ్బాల్లోనో ఉన్నవి ఫ్రీజర్‌లోకి వెళ్లేవి. రబ్బరు రింగు మూతతో గట్టిగా మూసి ఉన్నవి, తయారీదారు మూసిన రేకు డబ్బాలు, సీల్ తీయని గాజు సీసాలు బయట తుడిచి ఉంచుకునేవి. భయపడి ఇంట్లో సరుకంతా పారేయాల్సిన పనిలేదు. అనుమానం ఎటూ తేలకపోతే, అది చవక సరుకైతే పారేయండి, ఖరీదైనదైతే ఫ్రీజర్‌లో పెట్టండి.

4. పారేసేవి వెంటనే ఇల్లు దాటించండి. సంచిలో వేసి మూతి బిగించి అప్పటికప్పుడు బయటి చెత్తడబ్బాలో వేయండి. వంటింటి చెత్తబుట్టలో ఒక్క రాత్రి ఉంచినా ఎదిగిన పురుగులు పాక్కుంటూ బయటికొచ్చి గోడలెక్కుతాయి. వెంటనే బయటికి పంపే వీలు లేకపోతే ఆ సంచిని ఫ్రీజర్‌లో పెట్టి, చెత్త తీసుకెళ్లే రోజున తీయండి.

5. అనుమానమున్నవి గడ్డకట్టించండి. మైనస్ 18 డిగ్రీల్లో కనీసం 4 రోజులు. గుడ్లతో సహా అన్నీ చస్తాయి. అయితే చలి సరుకు మధ్యభాగం దాకా చేరాలి కదా. కిలో పొట్లానికి 4 రోజులు సరిపోతాయి. పెద్ద మూటైతే చిన్న కవర్లలోకి విడదీసి పలుచగా పరచండి, లేదా వారం ఉంచండి. ఫ్రిజ్‌లో కింది అరల చలి వాటి ఎదుగుదలను ఆపుతుంది గానీ గుడ్లను నమ్మకంగా చంపదు. బయటికి తీశాక కవరు తెరవకుండా పూర్తిగా మామూలు వేడికి రానివ్వండి. చల్లగా ఉండగా తెరిస్తే గాలిలోని తేమ పట్టి సరుకు బూజుపడుతుంది.

ఫ్రీజర్ లేదా? ఓవెన్ ఉంటే ట్రేలో పలుచగా పరిచి 60 నుంచి 65 డిగ్రీల్లో గంటసేపు ఉంచండి. నట్స్ మీద ఓ కన్నేసి ఉంచండి, నూనె వాసన వచ్చేస్తుంది. విత్తనాలుగా వేయదలచిన గింజలకు ఈ వేడి వద్దు, మొలకెత్తవు. మైక్రోవేవ్‌లో వేడి సమంగా చేరదు కాబట్టి దానిమీద ఆధారపడకండి. ఎండలో పరచడం గురించి కూడా అడుగుతుంటారు. మామూలుగా పరిస్తే పాకే పురుగులు నీడ వెతుక్కుంటూ పోతాయి, గుడ్లు అక్కడే ఉండిపోతాయి. కింద నల్లటి షీటు వేసి, గింజలు పలుచగా పరిచి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పి అంచులు బరువులతో బిగిస్తే మండుటెండలో లోపలి వేడి పురుగును చంపేంత దాకా పెరుగుతుంది. థర్మామీటరు పెట్టి చూసుకుంటేనే ఈ పద్ధతిని నమ్మండి.

6. ఖాళీ అల్మారాను సందుసందుగా శుభ్రం చేయండి. అర మధ్యలో మెరిసేలా తుడిచి మూలలు వదిలేస్తే లాభం లేదు. ఎదిగిన పిల్లపురుగు గూడు కట్టుకోవడానికి తిండిని వదిలి చాలా దూరం పాకుతుంది, ఇరుకు సందు దొరికే దాకా ఆగదు. అందుకే చూడాల్సినవి ఇవి: అరలు నిలబెట్టే మేకుల కోసం కొట్టిన రంధ్రాలు, తలుపుల బందులు, సొరుగు జారే పట్టాలు, అర కింది అంచు, అల్మారా వెనక చెక్కకూ గోడకూ మధ్య సందు, అరల్లో పరిచిన కాగితం అడుగుభాగం. ఆ కాగితం తీసి పారేయండి, మళ్లీ వేయకుండా ఉండగలిగితే ఇంకా మంచిది.

ముందు వాక్యూమ్, తర్వాత సబ్బు కలిపిన వేడినీళ్ల గుడ్డ, తర్వాత పొడిగుడ్డ. పొడిగా ఉన్నప్పుడే వాక్యూమ్ చేయాలి, తడిపితే పిండి ముద్దకట్టి సందుల్లో అతుక్కుంటుంది. పనయ్యాక వాక్యూమ్ సంచిని, లేదా డబ్బాలోని చెత్తను, బయట పారేయండి. లేకపోతే పురుగులు అందులోంచే తిరిగొస్తాయి. వెనిగర్ వాడొచ్చా అంటే, తుడవడానికి బాగానే ఉంటుంది గానీ గుడ్లను అది చంపుతుందని అనుకోకండి. సందుల్లోంచి వాటిని లాగేసేది వాక్యూమూ, బ్రష్షే. మేకుల రంధ్రాలు అక్కర్లేనివైతే మైనంతోనో పుట్టీతోనో పూడ్చేయండి.

అల్మారా పూర్తిగా ఆరాకే సరుకులు తిరిగి పెట్టాలి.

7. తల పైకెత్తండి. గోడ, పైకప్పు కలిసే మూలలు, కర్టెన్ మడతలు, గడియారం వెనక, లైటు చుట్టూ. తెల్లటి చిన్న గూళ్లు అక్కడుంటాయి. వాక్యూమ్‌తోనో కాగితంతోనో తీసేసి, మరక లేకుండా తుడవండి. తుడవడం ఎందుకంటే, తర్వాతి వారం అక్కడ కనిపించే గూడు కొత్తదని వెంటనే తెలుస్తుంది.

8. డబ్బాలను నీళ్లతో పరీక్షించండి. అప్పుడే పుట్టిన పిల్లపురుగు వెంట్రుక మందమే ఉంటుంది. మూత బిగుతుగా తిరిగినంత మాత్రాన సరిపోదు, ఆ పురుగు మూత మర గాడుల వెంటే లోపలికి పాకుతుంది. ఖాళీ డబ్బాలో మూడో వంతు నీళ్లు పోసి మూత పెట్టి, సింకు మీద నిమిషం పాటు తలకిందులుగా పట్టుకోండి. చుక్క కారిందంటే ఆ డబ్బా ఎండు సరుకులకు పనికిరాదు. కొత్తది కొనే ముందు రబ్బరు రింగు మార్చి చూడండి, చాలావరకు లోపం అక్కడే ఉంటుంది. వెంటనే అన్ని డబ్బాలూ సమకూరకపోతే జిప్ కవరులో పెట్టి, ఆ కవరును మామూలు డబ్బాలో పెట్టండి. కవరు ఒక్కటే అయితే అది తాత్కాలికమేనని గుర్తుంచుకోండి.

పారదర్శకమైన డబ్బాకే నా ఓటు. మూత తీయకుండానే లోపల దారం కనిపిస్తుంది. ఎక్కడైనా పొరపాటున గుడ్డు మిగిలిపోయినా నష్టం ఆ ఒక్క డబ్బాతో ఆగిపోతుంది.

9. ట్రాప్ పెట్టండి, కానీ మందులా భావించకండి. జిగురు పూసిన అట్టలో ఆడపురుగు వాసనను పోలిన ఒక బిళ్ల ఉంటుంది. దానికి మోసపోయి వచ్చేవి మగపురుగులు మాత్రమే. గుడ్లు పెట్టే ఆడపురుగు దాని పక్కనుంచే వెళ్లిపోతుంది. అందుకే ట్రాప్ పెట్టి ఊరుకున్న ఇళ్లలో అట్ట నిండుతూనే ఉంటుంది, పురుగులు పుడుతూనే ఉంటాయి. ఇది ఇండియన్ మీల్ మాత్‌కూ, ఫ్లోర్ మాత్‌కూ పనిచేస్తుంది. రైస్ మాత్‌ను, వడ్ల చిలుకను ఈ బిళ్ల రప్పించదు.

ఒక వంటింటికి ఒకటి చాలు. తెరిచి ఉండే కిటికీ దగ్గర పెట్టకండి, బయటివాటిని పిలిచినట్టవుతుంది. పెట్టిన తేదీ అట్టమీద రాయండి. పెట్టెమీద చెప్పిన గడువుకు, సాధారణంగా 2 నుంచి 3 నెలలకు, మార్చండి.

ఇవి మాత్రం చేయకండి

పురుగుల మందు స్ప్రేని తిండి ఉండే అరల్లో కొట్టకండి. ఎగిరేవి చస్తాయి, పొట్లం లోపల ఉన్నవాటికి అది చేరదు, మీ కంచంలోకి మాత్రం చేరుతుంది. నాఫ్తలీన్ ఉండలూ అంతే, వాటి ఆవిరి పిండికీ నూనెగింజలకూ పట్టేస్తుంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఇది. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఎవరు ఉచితంగా ఇచ్చినా ఇంట్లోకి రానివ్వకండి. గాలిలోని తేమ తగలగానే అవి ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి. పక్కగదిలో నిద్రపోతున్న మనుషుల ప్రాణాలు తీయగలదది. దానికి ప్రత్యేకమైన విరుగుడు మందు కూడా లేదు. పిల్లలున్న ఇల్లు, లేని ఇల్లు అన్న తేడా లేదు. వద్దు.

బిర్యానీ ఆకులు, లవంగాలు వేస్తే పోతాయా అని చాలామంది అడుగుతారు. వాసన కొంత దూరం పెట్టొచ్చేమో గానీ లోపల పుట్టిన పురుగు దాన్ని లెక్కచేయదు. గట్టి మూత ఉన్న డబ్బాలో ఆకు అక్కర్లేదు, మూత సరిగా లేని డబ్బాను ఆకు కాపాడదు.

మందుల్లేని పద్ధతే కావాలనుకునేవారికి ఇంకో దారి ఉంది. కొన్ని దేశాల్లో ట్రైకోగ్రామా అనే అతిచిన్న కందిరీగలను అట్టల మీద అమ్ముతారు. అర మిల్లీమీటరు కూడా ఉండని ఈ జీవి మాత్ గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని నాశనం చేస్తుంది. మనుషుల్ని కుట్టదు, మాత్ గుడ్లు అయిపోయాక తానూ ఉండదు. కొన్ని వారాల తేడాతో మళ్లీ మళ్లీ కొత్త అట్టలు పెట్టాలి. దీన్ని శుభ్రం చేశాక పెట్టాలి, శుభ్రం చేయడానికి బదులుగా కాదు.

కొత్త సరుకు వచ్చినప్పుడు

పురుగు చాలాసార్లు కొనుక్కొచ్చిన పొట్లంలోనే ఇంట్లోకి వస్తుంది. మీ వంటిల్లు మురికిగా ఉందని కాదు, అద్దంలా ఉంచుకునే ఇళ్లకూ వస్తుంది, కాబట్టి సిగ్గుపడాల్సిందేమీ లేదు. కొనేటప్పుడు కవరు మూలలు చూడండి. పిండి, గింజలు, నట్స్ ఇంటికి రాగానే 4 రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత డబ్బాలో పోయండి. అంత చోటు లేకపోతే వచ్చిన సరుకును విడిగా గాజు సీసాలో మూసి 5, 6 వారాలు కంటికి కనిపించే చోట ఉంచండి. ఏదైనా ఉంటే ఆ సీసాలోనే బయటపడుతుంది.

పాతదాని మీద కొత్తది పోయకండి. డబ్బా ఖాళీ చేసి, కడిగి, పూర్తిగా ఆరాక నింపండి. మూతమీద తేదీ రాయండి. రెండు నెలల్లో అయిపోయేంత మాత్రమే కొంటే ఈ సమస్య సగం తగ్గుతుంది.

పోయాయో లేదో తెలిసేదెలా?

శుభ్రం చేసిన రెండు మూడు వారాల్లో కొన్ని రెక్కల పురుగులు కనిపిస్తాయి. కంగారు పడకండి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టకండి. మీరు శుభ్రం చేసేనాటికే ఎక్కడో సందులో గూడు కట్టుకున్నవి ఇప్పుడు బయటికొస్తున్నాయి. వాటికి గుడ్లు పెట్టే చోటు దొరక్కపోతే కథ అక్కడితో ముగుస్తుంది.

ప్రతి వారం ఒకే రోజున ట్రాప్ చూడండి. పడినవాటి చుట్టూ మార్కర్‌తో సున్నా చుట్టండి, సున్నా లేనివి ఆ వారం కొత్తవి. అంకె వారం వారం తగ్గుతుంటే దారిలోనే ఉన్నారు. 5 వారాలు దాటినా తగ్గలేదంటే ఎక్కడో ఒక పొట్లం మీ కళ్లు తప్పించుకుంది. వరసగా 8 వారాలు ట్రాప్‌లో ఏమీ పడకుండా, మూలల్లో కొత్త గూడు లేకుండా గడిస్తే పోయాయని నమ్మొచ్చు. ఇది వెచ్చటి రోజుల లెక్క. చలికాలంలో పురుగు నిద్రాణంగా ఉండిపోగలదు, అందుకని వాతావరణం వేడెక్కాక ఇంకో నెల చూడండి. రైస్ మాత్ అయితే ట్రాప్ లేదు కనుక గూళ్లనూ, సీసాలనూ చూసే తేల్చుకోవాలి.

అన్నీ చేసినా వస్తూనే ఉంటే

వంటింట్లో వెతకడం ఆపి, ఇల్లంతా తిరగండి. ట్రాప్‌ను ఒక్కో గదిలో రెండు మూడు రాత్రులు ఉంచి చూస్తే ఎక్కువ పడే గదిలో మూలం ఉన్నట్టు తెలుస్తుంది.

వెతకాల్సిన చోట్లు: కుక్క, పిల్లి ఆహారం సంచి, పంజరంలో పక్షుల గింజలు, చేపల మేత, విత్తనాల పొట్లాలు, ఎండిన పూలతోనో మొక్కజొన్న కంకులతోనో చేసిన అలంకరణలు, గింజలు నింపిన దిండ్లు, వేడిచేసి కాపడం పెట్టుకునే గింజల సంచి, పిల్లల బడిసంచిలో మరిచిపోయిన తినుబండారం, టోస్టర్ అడుగున పేరుకున్న పొడి, స్టవ్ వెనక జారిపడ్డ గింజలు. వీటిలో పెంపుడు జంతువుల ఆహారాన్నే నేను మొదట అనుమానిస్తాను. పెద్ద సంచి, ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వంటింటి బయట ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు.

ఎలుకలున్న ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. అవి గోడల వెనక దాచిన గింజల్లో, మీరు పెట్టిన ఎలుకల మందు ఎరలోని ధాన్యంలో కూడా మాత్ పెరుగుతుంది. అప్పుడు ముందు ఎలుకల సంగతి చూడాలి, పాత ఎరలు తీసేయాలి.

అపార్ట్‌మెంట్ అయితే పైపులు, కేబుళ్లు వెళ్లే రంధ్రాల చుట్టూ ఖాళీ ఉందేమో చూసి పూడ్చండి. అయినా తగ్గకపోతే పక్క ఫ్లాట్ వాళ్లతో మాట్లాడండి. నింద వేసినట్టు కాకుండా, "మా ఇంట్లో ఇలా వస్తున్నాయి, మీకూ ఉన్నాయా?" అని అడిగితే చాలామంది తమకూ ఉన్నాయనే చెబుతారు. రెండిళ్లూ ఒకే వారాంతంలో పని పెట్టుకోండి, ట్రాప్ కూడా ఒకే రోజున మొదలుపెట్టండి.